తలకట్టు ముందా, ఒత్తు ముందా

ఈవినింగ్ బజారులో మా తాళాల కొట్టు.
షట్టరు సగం లేచేసరికే
రాత్రంతా మూసిపెట్టిన ఇత్తడి వాసన
టీ బంకు దాకా నడిచి వస్తుంది.

సూళ్లూరుపేట చెంగాళమ్మ గుడికి
తలుపులు మూయరు.
తాళాలమ్ముకునే మా నాన్న
ఏరి కోరి ఆ తల్లి పేరే నాకు పెట్టాడు.
బేరం దెబ్బతింటుందని
ఎవరూ హెచ్చరించలేదు కాబోలు.

కున్‌మింగ్‌లో ఒక సెమిస్టర్ చదివి రమ్మన్నదీ ఆయనే.
"నాలుగు మాటలు రానీ,
మధ్యలో ఏజెంటు మింగే మూడు శాతం
నీ పెళ్ళికో, నా మోకాలికో ఉంటుంది."

షెన్ టీచరు నా పేరు విని
"చెంగ్! సగం పని మీవాళ్ళే చేసి పంపారే" అని నవ్వింది.
గళ్ళ పుస్తకం చేతిలో పెట్టింది.
అడ్డగీత ముందు, నిలువుగీత తర్వాత.
గడిలాంటి అక్షరమైతే
లోపలివాళ్ళంతా వచ్చి కూర్చున్నాకే
తలుపు మూయాలట.
ఈ ఒక్క సూత్రం మాత్రం
వెంటనే పట్టుబడింది నాకు.

'మాయ్' అంటే కొనడం, గొంతు దిగి లేస్తే.
'మాయ్' అంటేనే అమ్మడం, గొంతు ధబీమని పడితే.
కొను అనే అక్షరం నెత్తిన
పది అనే అక్షరం పెడితే అమ్ము అవుతుంది.
ఆ రాత్రే ఫోన్లో చెబితే
"పది చాలదమ్మా, జీఎస్టీ ఉంది" అన్నాడు నాన్న.

మార్చిలో ఒకరోజు, వాన పడుతుంటే,
నా పేరు నా లిపిలో రాయమంది టీచరు.
బడిలో నాకు తమిళం. తెలుగు ఇంట్లో మాట్లాడ్డానికే.
రాయడం వచ్చింది ఒక్క పేరే,
అదీ చిట్టా పుస్తకం అట్ట మీద చూసి.
బోర్డు మీద గీశాను.
ఆమె కళ్ళద్దాలు సర్దుకుని
చివరి అక్షరం మీద వేలుంచి అడిగింది:
"ఇందులో ఏ గీత ముందు?"

మ్మ.
తలకట్టు ముందా, కింద ఒత్తు ముందా?
పద్దెనిమిది మంది, నాలుగు దేశాల వాళ్ళు,
జవాబు కోసం పెన్నులు ఎత్తి చూస్తున్నారు.

నాన్నకి ఫోన్ చేశాను.
కొట్లో ఎవరో తాళంచెవి రాపిడి పెట్టిస్తున్న చప్పుడు.
"ఆగు" అని, గాల్లో రాసుకున్నాడు లాగుంది,
మళ్ళీ "ఆగు" అన్నాడు.
"చేతికి తెలుసే! నన్నడిగితే చెప్పలేను."

ఆ వారం నుంచి గళ్ళ పుస్తకం వెనకవైపున
అ, ఆ లు మొదలుపెట్టాను.
ముందునుంచి వాళ్ళ అక్షరాలు,
వెనకనుంచి మావి.
జూన్‌కి మధ్యలో మూడు కాగితాలే మిగిలాయి.

తిరిగొచ్చిన మర్నాడు సరుకు దిగింది.
చిన్నప్పుడు నేను హోంవర్కు చేసుకున్న పెట్టెలే,
అవే నాలుగు నల్ల బొమ్మలు పక్కన.
ఒకటి గొడుగనీ, ఇంకొకటి కోడిపిల్లనీ
పేర్లు పెట్టుకున్నవి.
ఇప్పుడు చూస్తే బొమ్మలు లేవు.
ఎంత కళ్ళు చికిలించినా కోడిపిల్ల రాలేదు.

పెంచలయ్య బస్తా దించి, చెమట విదిల్చి అడిగాడు:
"ముప్పయ్యేళ్ళుగా మోస్తన్నా,
ఏం రాసుండాదమ్మా దాని మీద?
'ఈ పక్క పైకి' అనే కదా?"

"కాదు మామా.
చిన్న. గుండె. మెల్లగా. పెట్టు."

"పగిలే సరుకా?"
"తాళాలే."
"ఇనప్పెట్టెకి గుండేందమ్మా!"
"జాగ్రత్త అనడానికి వాళ్ళు అట్టా అంటారు,
గుండె చిన్నది చేసుకోమని."

ఆయన కాసేపు ఆ నల్ల గీతల్ని చూశాడు.
ఎప్పట్నించో తెలిసినవాడి పేరు
ఇప్పుడే విన్నట్టు.
తలగుడ్డ విప్పి, మళ్ళీ చుట్టుకుని,
"అట్టయితే" అన్నాడు,
"ముందు దాని మీంచి నువ్వు లే తల్లీ."